వజ్రాల పేరు, నాపరాయి నేల

బేతంచెర్ల వైపు నాపరాయి గనిలో బండ లేపడం చూడాలంటే పొద్దు పొడవకముందే వెళ్లాలి. ఎండ ఎక్కిందంటే గని పెనమే. పైమట్టి తీసేసిన చోట రాయి జొన్నరొట్టెల దొంతరలా పొర మీద పొరగా కనిపిస్తుంది. పనివాడు పొర అంచు వెతికి ఉలి ఆనించి సుత్తితో తడతాడు. ఒకేచోట బలంగా కొడితే బండ ముక్కలవుతుంది. జానెడు జానెడు దూరంలో మెల్లగా తట్టుకుంటూ పోతే పొర దానంతట అదే విడుతుంది. అప్పుడు సందులో గడ్డపార దూర్చి ఇద్దరు ముగ్గురు కలిసి లేపుతారు. లేచిన బండను మళ్లీ సుత్తితో తట్టి చెవి పెడతారు. ఖంగుమంటే మేలిరకం. మొద్దుగా పలికిందా, లోపల చీలిక ఉన్నట్టే. ఇప్పుడు కోతమిషన్లు వచ్చాయి, పాలిష్ ఫ్యాక్టరీలు వచ్చాయి. అయినా మంచి బండ ఏదో తేల్చేది ఇప్పటికీ ఆ చెవే.

ఆ బండ ఎక్కడెక్కడికి పోతుందో లెక్క లేదు. రాయలసీమ ఇళ్లలో అరుగు అదే, వంటింటి గట్టు అదే, పశువుల కుడితి తొట్టి అదే, పొలం చుట్టూ నిలువుగా పాతిన కంచె కూడా అదే. ముంబయిలో వంటగట్టు రాయిని ‘కడప్పా’ అంటారు, ఆ మాటలో ఒక ఊరి పేరు ఉందని కూడా చాలామందికి తోచదు. నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల, బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల మండలాల గనుల్లో లేచిన రాయి కూడా ఊరు దాటగానే ‘కడప రాయి’ అయిపోతుంది. ముందు ఊరి పేరు, తర్వాత వర్తకుల నోట రాయి పేరు. నంద్యాల మాట ఎక్కడా వినపడదు.

ఈ రాయి పరుచుకున్న ఇళ్లలో ఒకదాని గురించి తెలుగువాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. అది తెలుగు నేల మీద లేదు. పుదుచ్చేరిలో ఉంది. దాని పేరు మాత్రం మనది. గోల్కొండ. ఫ్రెంచి ఉచ్చారణలో ‘గోల్కోండ్’.

1930ల్లో పుదుచ్చేరి మన యానాం లాగే ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండేది. అరవిందాశ్రమానికి వచ్చిపోయే సాధకుల కోసం ఒక వసతి గృహం కట్టాలని ఆశ్రమ మాత అనుకున్నారు. అందుకు కావలసిన డబ్బు హైదరాబాద్ నుంచి వచ్చింది. నిజాం సర్కారులో పెద్ద పదవుల్లో పనిచేసి 1937లో ప్రధాని అయిన సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం నుంచి లక్ష రూపాయల విరాళం అందింది. ఆ రోజుల్లో లక్ష అంటే మామూలు మొత్తం కాదు. దాతల మీద గౌరవంతో భవనానికి గోల్కొండ పేరు పెట్టారు.

గోల్కొండ అనగానే ప్రపంచానికి గుర్తొచ్చేది వజ్రాలు. కానీ గోల్కొండ కోట కింద వజ్రాల గనులేమీ లేవు. అక్కడ సాగింది వజ్రాల బేరం. రాళ్లు దొరికింది కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల, ఇటు రాయలసీమలో. బనగానపల్లె చుట్టూ గులకరాళ్లు కలిసిన ఒక రాతిపొరలో వజ్రాల కోసం తవ్విన గుంటలను బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా రాసిపెట్టారు. అంటే పుదుచ్చేరి భవనానికి పేరు తెచ్చిన వజ్రాల్లో కొంత వాటా ఈ ఎర్రమల కొండల పక్క నేలది. ఇక ఆ భవనం లోపల అడుగుపెడితే కాలికింద తగిలేది నల్లగా నున్నగా పాలిష్ పట్టిన కడప రాయి. పేరుకు వజ్రం, నేలకు నాపరాయి. రెండూ ఒకే సీమ నుంచి వెళ్లినవి.

చరిత్ర పటం ఎదురుగా పెట్టుకుని చూస్తే ఈ కలయిక ఇంకా విచిత్రంగా ఉంటుంది. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. అందుకే దీనికి దత్తమండలాలు అని పేరు, ఇంగ్లీషులో సీడెడ్. సినిమా పంపిణీదారులు ఇప్పటికీ ఆ మాటే వాడుతున్నారు. నిజాం వదులుకున్న నేలలోని రాయి, నిజాం ఇచ్చిన డబ్బు నూట ముప్పయ్యేళ్లకు పైగా గడిచాక ఫ్రెంచి పాలనలోని ఒక తమిళ ఊళ్లో మళ్లీ ఒకచోట చేరాయి.

ఇంతకీ ఆ భవనం కట్టిందెవరు? పుస్తకాల్లో ముందు కనిపించే పేరు ఆంటోనిన్ రేమండ్. 1888లో బొహీమియాలోని క్లాద్నోలో పుట్టాడు. అమెరికా వెళ్లి వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ దగ్గర పనిచేశాడు. టోక్యోలో ఇంపీరియల్ హోటల్ పని కోసం 1919లో రైట్‌తో పాటు జపాన్ చేరి అక్కడే ఆఫీసు పెట్టుకున్నాడు. గోల్కొండ నమూనా గీసింది ఆ టోక్యో ఆఫీసులోనే. రెండో పేరు జార్జ్ నకషిమా. అమెరికాలో పుట్టిన జపనీయుడు, రేమండ్ ఆఫీసులో ఉద్యోగి. 1937లో పని చూసుకోవడానికి పుదుచ్చేరి వచ్చి, ఆశ్రమ జీవితంలో కలిసిపోయి, సుందరానంద అనే పేరు తీసుకున్నాడు. తర్వాతి కాలంలో చెక్క వస్తువుల తయారీలో అతనికి ప్రపంచమంతా పేరొచ్చింది. 

మూడో మనిషి పేరు ఫ్రాంటిషెక్ సామ్మర్. ఈ పేరు ఆర్కిటెక్చర్ చదివినవాళ్లలో కూడా చాలామంది విని ఉండరు. 1907లో చెక్ దేశపు ప్ల్జెన్ పట్టణంలో పుట్టాడు. 1930ల మొదట్లో పారిస్‌లో వాస్తుశిల్పి లె కార్బూజియే దగ్గర పనిచేశాడు, తర్వాత మాస్కో వెళ్లాడు, అక్కణ్ణుంచి జపాన్ చేరి రేమండ్ దగ్గర కుదిరాడు. 1938లో పుదుచ్చేరి వచ్చాడు. రేమండ్ ఆ ఏడాదే కొన్ని నెలలు ఉండి వెళ్లిపోయాడు. 1939లో నకషిమా కూడా వెళ్లాడు. యుద్ధం మొదలైంది. సిమెంటు, ఇనుము దొరకడం గగనమైపోయిన కాలంలో నమూనాలు పట్టుకుని ఎండలో నిలబడి గోడలు లేపించినవాడు సామ్మరే. 1942లో అతనూ బ్రిటిష్ సైన్యంలో చేరి వెళ్లిపోయాడు. యుద్ధం అయ్యాక సొంత ఊరు ప్ల్జెన్ చేరి అక్కడే పనిచేస్తూ 1973లో కన్నుమూశాడు. ఇద్దరు సహచరులకు పుస్తకాలు, ప్రదర్శనలు, బిరుదులు దక్కాయి. ఇతనికి మాత్రం ఎవరో ఇద్దరు పెద్దవాళ్ల మధ్య ఒక ఫుట్‌నోట్ చోటు మిగిలింది. భవనానికి రూపం గీసినవాడికి ఇచ్చే గౌరవంలో సగమైనా, చేతికి సిమెంటు అంటించుకుని దాన్ని నిలబెట్టినవాడికి ఇవ్వకపోవడం అన్యాయమే.

గోల్కొండను దగ్గర్నుంచి చూస్తే ఆ అన్యాయం ఇంకా గట్టిగా తెలుస్తుంది. పొడవాటి భవనం. ఉత్తరానికి, దక్షిణానికి ముఖం పెట్టి నిలబడింది. గదులన్నీ దక్షిణం వైపు, నడవాలు ఉత్తరం వైపు. ఆ రెండు ముఖాలకూ మామూలు కిటికీ ఒక్కటి కూడా లేదు. కిందినుంచి పైదాకా ఆస్‌బెస్టాస్ సిమెంటు పలకల వరసలు. ఇత్తడి పిడి తిప్పితే వరసలోని పలకలన్నీ కలిసి తెరుచుకుంటాయి, కలిసి మూసుకుంటాయి. ఎండ కావాలంటే ఎండ, గాలి కావాలంటే గాలి, వాన పడితే ఏదీ లోపలికి రాకుండా మూసేయొచ్చు. గదికీ నడవాకూ మధ్య టేకు పట్టీలతో చేసిన జరుపుడు తలుపు. పట్టీలు ఒకదాని వెనక ఒకటి ఎడమెడంగా ఉంటాయి కాబట్టి తలుపు మూసినా గాలి వస్తుంది, చూపు మాత్రం పోదు. స్లాబు మీద మళ్లీ వంపు తిరిగిన కాంక్రీటు పెంకులు కప్పారు. స్లాబుకీ పెంకులకీ మధ్య గాలి ఆడుతుంది. ఎండ దెబ్బ పెంకులకే తగులుతుంది, గదికి తగలదు.

ఇవన్నీ ఏసీ లేని కాలంలో చేసినవి. ఆ గదుల్లో ఏసీ అవసరం ఇప్పటికీ లేదు. అచ్చులు కట్టి కట్టడం జరుగుతున్న చోటే పోసిన కాంక్రీటుతో ఒక పెద్ద ఆధునిక భవనాన్ని ఈ దేశంలో మొదట కట్టింది ఇక్కడేనని చరిత్రకారులు చెబుతారు. ఆధునిక కాంక్రీటు కట్టడాలకు పేరుపడ్డ చండీగఢ్ పని మొదలైంది 1951లో. గోల్కొండ అంతకు పధ్నాలుగేళ్లు ముందు. ఆ కాంక్రీటు కలిపినవాళ్లలో ఆశ్రమ సాధకులూ ఉన్నారు. తలుపుల ఇత్తడి సామాను కోసం భక్తులు ఇచ్చిన పాత్రలను కరిగించారు. ఇన్ని చేతులు పడ్డ ఆ ఇంటి నేలకు ఖరీదైన పాలరాయి కాకుండా మన నాపరాయిని ఎంచుకోవడం ఊరికే జరిగింది కాదు. వేసవిలో ఒట్టికాళ్లతో దాని మీద నడిచినవాళ్లకు కారణం వేరే చెప్పక్కర్లేదు.

నాపరాయి పుట్టుక కూడా ఒక పెద్ద కథ. డైనోసార్లు పుట్టడానికి ఎంతో ముందు ఈ ప్రాంతమంతా సముద్రం. ఆ సముద్రం అడుగున సున్నపు మడ్డి పేరుకుని, గట్టిపడి, పొరలుగా రాయి అయింది. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాతి వరసల మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఈ రాళ్లకు శాస్త్రంలో వాడే పేర్లు చదివితే రూటు బస్సు బోర్డు చదివినట్టే ఉంటుంది. బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోవెలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. బజారులో పేరు దక్కని నంద్యాలకు భూగర్భ శాస్త్రంలో శాశ్వతంగా పేరు దక్కింది. ఆ సున్నపురాళ్లనే నీళ్లు కోట్ల ఏళ్లు తొలిస్తే కొలిమిగుండ్ల మండలంలో బెలుం గుహలు ఏర్పడ్డాయి. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ వాటి గురించి రాశాడు. దాదాపు అదే సమయంలో బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో తన కొడుకుతో తవ్వకాలు జరిపించాడు. జర్మన్ గుహాన్వేషకులు 1980ల్లో వచ్చి కొలిచాకే బెలుం పొడవు 3 కిలోమీటర్ల పైమాట అని లోకానికి తెలిసింది.

అదే రాయి నేల పైన మిద్దె అయింది.

నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో పాత మిద్దె కట్టే తీరు వినాలంటే అరవై దాటినవాళ్లనే అడగాలి. రెండడుగుల మందాన రాయీ మట్టీ కలిపి గోడ. గోడ మీద దూలాలు, దూలాల మీద దంతెలు. దంతెల మీద నాపబండలు, లేని ఇంట్లో కట్టెలు. దాని మీద మట్టి, మట్టి మీద చవుడు. చవిటి నేల నుంచి తవ్వి తెచ్చిన ఆ చవుడుకు ఒక గుణం ఉంది. వాన పడగానే ఉబ్బి తన సందులు తనే మూసుకుంటుంది, నీటిని కిందికి దిగనివ్వదు. ఏటా తొలకరికి ముందు మిద్దె ఎక్కి కొత్త చవుడు పోసి సరిచేయాలి. వెలుతురు కోసం మిద్దెకు ఒక రంధ్రం, అదే గవాచి. వంటింటి పొగ కూడా దాంట్లోంచే పోయేది. వాన వస్తే గవాచి మీద బండ కప్పడం ఇంట్లో పిల్లల పని. వీధివైపు అరుగు, లోపల పడసాల, గోడలో దీపం గూళ్లు.

మే నెలలో నంద్యాలలో 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ ఎండ రెండడుగుల గోడను దాటి లోపలికి వచ్చేసరికి సాయంత్రమవుతుంది. అప్పటికి ఇంట్లోవాళ్లు మంచాలు మోసుకుని మిద్దె మీదికి చేరతారు. పగలు కింద, రాత్రి పైన. సామ్మర్ పలకలు తిప్పి ఎండను ఆపాడు, ఇక్కడి మేస్త్రీ మట్టి మందంతో ఆపాడు. దారి వేరు, లెక్క ఒకటే. ముందు ఎండ ఏవైపు నుంచి వస్తుందో చూసుకుని తర్వాత గోడ లేపడం.

మిద్దెను మరీ ఆకాశానికెత్తడం కూడా న్యాయం కాదు. లోపల చీకటి. గాలి తక్కువ. తేళ్లు, పాములు. ఎడతెరిపి లేని ముసురు పడితే రాత్రంతా కురిసే చోట్ల గిన్నెలు పెట్టుకు కూర్చోవాలి. చవుడు మోయడం, పోయడం ఎక్కువగా ఆడవాళ్ల నెత్తిన పడే చాకిరీ. స్లాబు ఇల్లు వేసుకోగలిగిన మొదటి రోజునే చాలామంది మిద్దెను వదిలేశారంటే వాళ్లను తప్పు పట్టడానికి లేదు. తప్పు పట్టాల్సింది మరొకటి ఉంది. స్లాబు వచ్చేటప్పుడు దాని వెంట రావలసిన ఆలోచన రాలేదు. నాలుగైదు అంగుళాల కాంక్రీటు మధ్యాహ్నానికి కాలి, రాత్రంతా ఆ వేడిని పడుకున్నవాళ్ల మీద కుమ్మరిస్తుంది. గోల్కొండలో స్లాబు మీద రెండో కప్పు ఎందుకు వేశారో మన ఊళ్లో ఎవరూ చెప్పలేదు. కాంక్రీటు వచ్చింది, కాంక్రీటును ఎండకు తగ్గట్టు వాడే విద్య వెనకబడిపోయింది.

మళ్లీ రాయి దగ్గరికి వస్తే, నాపరాయికి దూరపు బజారు చూపించింది రైలు. గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా బెజవాడకు 19వ శతాబ్దం చివర మీటర్ గేజి లైను పడింది. బేతంచెర్ల ఆ లైను మీదే ఉంది. బనగానపల్లె, కోవెలకుంట్ల వైపు గనులు మాత్రం చాలాకాలం ఎద్దులబండిని, తర్వాత లారీని నమ్ముకున్నాయి. నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గం తెరుచుకుంది 2016లోనే.

ఈ రాయిని, ఈ ఎండను ఎరిగిన ఆధునిక వాస్తుశిల్పులు తెలుగు నేల మీద లేరా అంటే ఉన్నారు. వాళ్ల కథ కూడా సామ్మర్ కథ లాంటిదే. హైదరాబాద్ రవీంద్రభారతి 1961లో, టాగోర్ శతజయంతి సంవత్సరంలో తెరుచుకుంది. అక్కడ ఎవరు పాడారో, ఎవరు నాట్యమాడారో, ఏ నాటకం ఎన్నిసార్లు ఆడిందో చెప్పగలిగినవాళ్లు వేలల్లో ఉంటారు. ఆ భవనం రూపం గీసింది మహమ్మద్ ఫయాజుద్దీన్ అని చెప్పగలిగేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అరవయ్యేళ్లుగా తెలుగు రంగస్థలానికి రాజధాని లాంటి ఇంటిని కట్టినవాడికి తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యం కూడా చోటు లేదు.

చార్లెస్ కొరియా పేరు పెద్దదే, కానీ అతను 1930లో సికింద్రాబాద్‌లో పుట్టాడని, హైదరాబాద్ ఈసీఐఎల్ కార్యాలయ భవనం 1960ల్లో అతను చేసిన పని అని ఆ దారిన రోజూ బస్సులో పోయేవాళ్లకు తెలియదు. ఎండను ఆపడానికి పందిరి లాంటి కప్పును భవనం మీదుగా చాచి నిలిపిన కట్టడం అది. పక్కన ఉద్యోగుల టౌన్‌షిప్ గీసింది బాలకృష్ణ దోషి. 2018లో ఆయనకు వాస్తుశిల్పులకు ఇచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చినప్పుడు పత్రికలన్నీ అహ్మదాబాద్ భవనాల ఫొటోలు వేశాయి. మన ఊరి పని మన పత్రికల్లోనే కనపడలేదు.

పేరు పెట్టడం, పేరు నిలబెట్టడం ఎంత పెద్ద పనో నంద్యాలకు ఎవరూ నేర్పక్కర్లేదు. 1928 నవంబరులో ఆంధ్ర మహాసభ నంద్యాలలో జరిగినప్పుడు, దత్తమండలాలు అన్న బానిస పేరు మనకొద్దని, రాయలసీమ అని పిలుచుకుందామని చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించారు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అన్న అర్థం పోయి, రాయలు ఏలిన సీమ అన్న గౌరవం వచ్చింది. ఒక ప్రాంతం తన పేరును తానే తిరగరాసుకున్న చోటు నంద్యాల.

ఆ నంద్యాల నుంచి కడప దారిలో దాదాపు 40 కిలోమీటర్లు పోతే ఆళ్లగడ్డ. ఊళ్లోకి అడుగుపెట్టేసరికే ఉలి చప్పుడు పలకరిస్తుంది. శిల్పశాలల ముందు సగం చెక్కిన వినాయకుడు, కళ్లు ఇంకా తెరవని అమ్మవారు, ముఖం మాత్రమే తేలిన ఏదో ఊరి నాయకుడు వరసగా నిలబడి ఉంటారు. పక్కనే అహోబిలం ఉండటంతో రాతిపని ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఆళ్లగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఊరికి గుర్తింపు వచ్చింది, మనిషికి మాత్రం రాలేదు. గుడిలో విగ్రహానికి దండం పెట్టుకునేవాడికి దాన్ని చెక్కిన శిల్పి పేరు తెలియదు. చెక్కినవాడు కూడా తన పేరు ఎక్కడా చెక్కుకోడు. అది అతని సంప్రదాయం, దాన్ని గౌరవించాలి.

కానీ ప్రభుత్వ భవనానికి ఆ సంప్రదాయం లేదు. అక్కడ పేర్లు చెక్కుతారు, అదీ పెద్ద పెద్ద అక్షరాల్లో. నంద్యాలలోగానీ ఆళ్లగడ్డలోగానీ ఏ ఆఫీసు ముందైనా ఆగి శిలాఫలకం చదవండి. శంకుస్థాపన చేసిన మంత్రి, అధ్యక్షత వహించిన ఎమ్మెల్యే, గౌరవ అతిథి ఎంపీ, జిల్లా కలెక్టరు, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ఒక్కోసారి కాంట్రాక్టరు. వరసకు వరస పేర్లే. భవనాన్ని ఊహించి గీసిన ఆర్కిటెక్టు పేరు మాత్రం ఆ బండ మీద కనిపించదు. నకలు తీసినట్టు ఊరూరా ఒకే మోస్తరు భవనాలు, నేరుగా ఎండ పడే పడమటి గోడకు అద్దాలు, కరెంటు పోతే కూర్చోలేని గదులు రావడానికి ఇదీ ఒక కారణమే. పేరు లేని పనికి ఎవరూ జవాబు చెప్పరు.

కట్టినవాళ్ల పేరు జనానికి తెలియని భవనాన్ని పడగొట్టడం కూడా సులువు. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో 1972లో కట్టిన హాల్ ఆఫ్ నేషన్స్ ప్రదర్శనశాలను 2017 ఏప్రిల్‌లో ఒక్క రాత్రిలో నేలమట్టం చేశారు. రాజ్ రేవాల్ గీస్తే మహేంద్ర రాజ్ లెక్కలు వేసి నిలబెట్టిన కాంక్రీటు చట్రం అది, అంతటి పని ప్రపంచంలోనే అరుదు. అరవయ్యేళ్లు నిండని భవనం వారసత్వ కట్టడం కాదని వారసత్వ పరిరక్షణ కమిటీ తేల్చేసింది. రవీంద్రభారతికి అరవై నిండాయి. గోల్కొండకు ఎనభై దాటాయి, ఆశ్రమం ఇప్పటికీ దాన్ని కన్నబిడ్డలా చూసుకుంటోంది. పుట్టినప్పటి నుంచి ఏ రోజుకారోజు తుడిచి, తిప్పి, నూనె వేసి వాడుకుంటున్నారు కాబట్టే అది నిలిచింది.

నంద్యాల వైపు మిద్దెలకు ఆ అదృష్టం లేదు. పడగొట్టిన మిద్దెల బండలు, దూలాలు ఊరి బయట కుప్పలుగా అమ్ముడవుతున్నాయి. అరిగి నున్నబడ్డ పాత నాపబండకు రిసార్టుల వాళ్ల దగ్గర గిరాకీ ఉంది. నాలుగు తరాల పాదాలు పాలిష్ పెట్టిన రాయి అది. ఇల్లు పోయాక రాయికి విలువ వచ్చింది.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. కొత్త జిల్లాకు కొత్త కార్యాలయాలు, వసతి గృహాలు, బడులు, ఆసుపత్రులు కావాలి. పునాదిలోకి రాయి, నేలకు నాపబండ, గోడకు సున్నం అన్నీ ఇరవై ముప్పై మైళ్లలోపే దొరికే జిల్లా ఇది. ఎండను ఎలా ఆపాలో తెలిసిన మేస్త్రీలు ఇంకా బతికే ఉన్నారు. ఆ పనికి పిలవాల్సినవాళ్లను పిలిస్తే చాలు.

జిల్లా అధికారులకు ఒక విన్నపం. ఇకమీదట కట్టే ప్రతి భవనం శిలాఫలకం మీద మంత్రుల పేర్ల కింద ఒక్క వరస ఆర్కిటెక్టుకు, ఒక్క వరస పెద్దమేస్త్రీకి కేటాయించండి. ఇక పాఠకులకు. మీ ఊళ్లో పాత మిద్దె ఏదైనా పడగొట్టబోతున్నారని తెలిస్తే, గడ్డపార పడకముందే ఒక పూట వెళ్లండి. గోడ మందం, దూలం పొడవు, గవాచి కొలత రాసుకోండి, నాలుగు ఫొటోలు తీయండి. కట్టిన మేస్త్రీ ఎవరో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఆ పేరు కూడా పక్కన రాసిపెట్టండి.